బయట ఉంది, సైరన్ ఆపాను

జాస్మిన్‌ని బయటికి రమ్మని మేనేజరు ప్రద్యుమ్న కేకేసినప్పుడు రెబ్కా రేకుల షెడ్డులో మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. పక్కన సర్దార్‌బీ, ఆ పక్కన ఇంకా ఆడవాళ్లు. అందరికీ మూతి మీద గుడ్డలు, వేళ్లకి కొబ్బరినూనె. నూనె రాసినా మంట ఆగదు. సాయంత్రానికి మోచేతుల దాకా ఎక్కుతుంది.

ఆఫీసు మెట్ల కింద రైతులు గుంపు కట్టి ఉన్నారు. మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీని ప్రత్తిపాడు చుట్టుపక్కల అందరూ ఏసీ అంటారు. రేటు వచ్చేదాకా ఏసీలో పడేస్తే కాయ రంగు పోదని నమ్మకం. ఆ పొద్దున రెండో గది తలుపు తీస్తే చలిగాలికి బదులు ముక్కిన వాసన కొట్టింది. టిక్కీలకి, అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాలకి, చెమట పట్టి ఉంది. ఒకటి కోసి చూస్తే కాయల మీద తెల్లగా బూజు.

రెబ్కా కూతురు జాస్మిన్ అక్కడ కంప్యూటర్ ఆపరేటరు. అద్దంకిలో మేనమామ కూతురి పెళ్లికి సెలవు పెట్టి వెళ్లి, ఆ పొద్దున్నే పనిలోకి వచ్చింది. ఇంకా చేతుల గోరింటాకు పోలేదు. ఆ ఎర్రటి చేతులతో లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదికి వస్తుంటే రెబ్కా మెడ చాచి చూసింది. పిల్లని ఎందుకు పిలిచారో తెలియదు. మంచికి మాత్రం కాదు.

"అందరూ వినండి," అన్నాడు ప్రద్యుమ్న. ఇస్త్రీ చొక్కా, నుదుట సన్నటి బొట్టు. గొంతు ఎప్పుడూ పెంచని మనిషి, ఆ రోజు పెంచాడు. "గది వేడెక్కితే సైరన్ మోగాలి. సైరన్ మోగించేది ఈ లాప్‌టాప్. దీన్ని చూసేది ఈ అమ్మాయి. జాస్మిన్, సైరన్ ఇప్పుడు ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా?"

జాస్మిన్ మీటలు నొక్కి చూసింది. మళ్లీ చూసింది. "ఆఫ్‌లో ఉంది సార్."

"ఆఫ్ అయ్యేట్టు రాసిందెవరు?"

"నేనే సార్. కానీ మీరు..."

"నువ్వే కదా. ఆ మాట వాళ్లకి చెప్పు."

"సార్, అసలేం జరిగిందో చూస్తే..."

"చూడ్డానికేముంది, కాయ బూజు పట్టింది. తప్పయిందని చెప్పు."

జాస్మిన్ చెప్పింది. ఎవరికీ వినిపించలేదు. "గేటు దగ్గరున్నోళ్లకి వినపడట్లేదంట," అన్నాడు ప్రద్యుమ్న. రెండోసారి చెప్పింది. ఈసారి షెడ్డులోకి కూడా వినిపించింది. "తప్పయిందండీ. క్షమించండి."

రెబ్కా లేవాలనుకుంది. లేవలేదు. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కాయ తీయడం, తొడిమ విరవడం, బుట్టలో వెయ్యడం. గుంపులోంచి అలీ సాహెబ్ ముందుకొచ్చాడు. కౌలు రైతు, పెద్దాయన. ఆ గదిలో ఎక్కువ టిక్కీలు ఆయనవే. రెబ్కా మొన్నమొన్నటిదాకా ఆయన చేలోనే కాయ కోసింది. ఇప్పుడు బండబూతులు తిడతాడని కళ్లు మూసుకుంది.

"నా మనవరాలి ఈడుదానివి," అన్నాడు ఆయన. "నీకు నేనేం చేశానమ్మా?"

తిట్టినా బాగుండేది.

*

"రేపట్నించి రావద్దన్నాడు," అంది జాస్మిన్. ఇంటికొచ్చిన దగ్గర్నించి మంచం మీద కూర్చుని ఫోన్‌లోకే చూస్తోంది. టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

రెబ్కా చేసిన మొదటి పని మంచం కింద నుంచి పురుగుమందు డబ్బా తీసి పక్కింటి ప్రసన్నకుమార్‌కి ఇచ్చి రావడం. పోయినేడు అరెకరం పత్తి వేసినప్పుడు మిగిలింది. "మా ఇంట్లో వాసనొస్తోంది, నీ దగ్గర పెట్టు నాయనా," అంది. అతను ఆమె ముఖం చూసి, డబ్బా అందుకుని లోపల పెట్టాడు. తిరిగొచ్చి చీర కట్టుకునే గది తలుపు గడియ సుత్తితో వంచేసింది. జాస్మిన్ చూస్తూనే ఉంది.

"అమ్మా, నేను చావను."

"నేనన్నానా?"

"గడియెందుకు వంచావు?"

"పడట్లేదు, వంచా." రెబ్కా పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్న మొగుడికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని దారి పొడుగునా కొట్టుమిట్టాడింది. చెబితే ప్రేమదాసు గొడ్డలి పట్టుకుని వస్తాడు. వస్తే జైలు. చెప్పకపోతే ఎవరో చెబుతారు, అప్పుడూ వస్తాడు. "నిజం చెప్పు. నువ్వు చేసిందేనా?"

"నేను రాసిందేనమ్మా. నేను చేసింది కాదు."

"ఆ రెంటికీ తేడా ఏంటో నాకు తెలిసేట్టు చెప్పు."

జాస్మిన్ చెప్పింది. లాప్‌టాప్ రాత్రిళ్లు ఆఫీసులోనే ఉంటుంది. పగలు ప్రద్యుమ్న దాన్ని గుంటూరు మిర్చియార్డుకి తీసుకెళతాడు. ఒకరోజు యార్డులో వ్యాపారుల మధ్య కూర్చుని ఉండగా లాప్‌టాప్‌లో సైరన్ మోగింది. ఇక్కడ ఏదో గది తలుపు కాసేపు తీసిపెట్టారు, అంతే. కానీ వ్యాపారులు నవ్వారట, మీ ఏసీ ఉడుకుతోందేంటయ్యా అని. ప్రద్యుమ్న వస్తూనే జాస్మిన్‌ని పిలిచాడు. ఇది ఆఫీసులో ఉంటేనే మోగాలి, బయటికెళితే నోరు మూసుకోవాలి, ఏదో ఒకటి చెయ్యి అన్నాడు.

"నేనో చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటరు చెయ్యాల్సిన పనుల చిట్టా రాశా. లాప్‌టాప్ తగులుకునే వైఫై మారినప్పుడల్లా అది దానంతటదే నడుస్తుంది. ఆఫీసు వైఫై పేరు కనపడితే సైరన్ పెడుతుంది. వేరే పేరు ఏది కనపడినా బయట ఉన్నట్టు లెక్క, సైరన్ ఆపేస్తుంది."

"ఊఁ."

"మారిన ప్రతిసారీ నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. పని చేస్తోందో లేదో చూసుకోడానికి పెట్టుకున్నా. ఇదిగో."

రెబ్కా ఏడో తరగతి చదివింది. తెలుగులోనే ఉంది, చదువుకుంది. బయట ఉంది, సైరన్ ఆపాను. ఆఫీసుకి వచ్చింది, సైరన్ పెట్టాను. వరసగా అవే రెండు మాటలు, దినచర్యలాగా. చివరిది మాత్రం బయట ఉంది అన్నదే. పెళ్లి ముందురోజుది. దానికింద ఇంకేమీ లేదు.

"యార్డుకెళ్లాడేమో అనుకున్నా," అంది జాస్మిన్. "పెళ్లి సందట్లో మళ్లీ చూసుకోలేదు. సార్ వాళ్ల బామ్మర్ది కౌశిక్ కొత్తగా ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాడు కదా, నేను లేనప్పుడు ఆఫీసులో పాత వైఫై డబ్బా పీకి వాళ్లది పెట్టారు. దాని పేరు వేరు. లాప్‌టాప్ ఆ బల్ల మీదే ఉందమ్మా. కానీ అది బయట ఉన్నాననుకుంది. గదిలో ఫ్యాన్లు ఆగిపోతే చెప్పాల్సింది, చెప్పలేదు. మిషను రూములో అన్ని మీటర్ల ముళ్లూ సరిగానే చూపిస్తుంటే గౌస్ బాషా మాత్రం ఏం కనుక్కుంటాడు?"

"ఇదంతా అక్కడే చెప్పొచ్చుగా."

"అక్కడ తెలియలేదు. ఇంటికొచ్చాక ఈ మెసేజ్ చూస్తే అర్థమైంది."

తెలియకుండానే తప్పయిందని అంతమంది ముందు చెప్పింది తన కూతురు. అడిగితే చెప్పేసింది, చిన్నప్పుడు బళ్లో చెయ్యి చాపమంటే చాపినట్టు. భయం తప్ప ఇంకోటి తెలియని రెబ్కా మనసులో మొదటిసారి వేరే ఏదో కదిలింది. దాన్ని ఏమనాలో ఆమె అప్పటికి తేల్చుకోలేదు.

*

మర్నాడు జాస్మిన్ ఫోన్ పట్టుకుని ఏసీకి వెళ్లింది. గేటు దగ్గరే ఆపారు. ప్రద్యుమ్న మెట్ల దాకా వచ్చి, "తప్పు ఒప్పుకున్నావుగా, ఇంకేంటి?" అని లోపలికి వెళ్లిపోయాడు.

అదే రోజు పత్తికట్టె నిండుగా వేసుకున్న ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డంగా వేలాడుతున్న కౌశిక్ తీగని తెంపుకుపోయింది. చేసేది లేక పాత డబ్బా మళ్లీ పెట్టారు. పెట్టిన కాసేపటికి ఎవరో గది తలుపు బార్లా తీస్తే సైరన్ అరిచింది. షెడ్డులో ఆడవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. ప్రద్యుమ్న బయటికొచ్చి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"చూశారా," అన్నాడు అక్కడున్న రైతులతో. "మనిషి పోయింది, సైరన్ మోగింది. ఇంకా ఏం సాక్ష్యం కావాలి?"

సర్దార్‌బీ రెబ్కా వైపు వంగింది. "ఏమే, నీ కూతురు కావాలనే చేసిందంటున్నారే. ఏదో జీతం పెంచలేదనంట."

"ఎవరన్నారు?"

"అందరూ."

"నువ్వేమన్నావు?"

సర్దార్‌బీ మూతిగుడ్డ సర్దుకుంది. "నేనేమంటాను, నాకు కంప్యూటర్లు తెలుసా?"

ఆ సాయంత్రమే ఒంగోలు రోడ్డులో ఉన్న పత్తిమిల్లు నుంచి ఫోనొచ్చింది. పొద్దున జాస్మిన్ పని అడిగితే సోమవారం రమ్మన్నవాళ్లు ఇప్పుడు వద్దన్నారు. మీ పాత మేనేజరుని కనుక్కున్నామమ్మా, అన్నారట. అంతకుమించి చెప్పలేదు. జాస్మిన్ ఫోన్ పెట్టేసి పప్పు తాలింపు వేయడానికి లేచింది. ఆవాలు మాడిపోయేదాకా చూస్తూ నిలబడింది.

రెబ్కా పొయ్యి కట్టేసింది. ఇక ఈ పిల్లకి ఈ చుట్టుపక్కల పని ఇచ్చేవాడు ఉండడు. ఆ పేరు వెంటాడుతుంది. సంబంధం అడగడానికి వచ్చినవాళ్లు కూడా ప్రత్తిపాడులో టీ తాగి, కాయ పాడుచేసిన పిల్ల అని విని, అట్నించి అటే పోతారు. పోనీ ఊరు మారితే అక్కడ పరాయివాళ్లు, ఏ గదిలో ఉంటుందో, ఏం తింటుందో. రెబ్కా ఆలోచన ఎటు పోయినా చివరికి ఒక గోతిలోకే పోతోంది. ఆ గోతి అంచున మాత్రం ఇస్త్రీ చొక్కాతో ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి ప్రార్థనలో కూడా ఆమె కళ్లు మూసుకుంటే వాడే కనపడ్డాడు. ప్రభువా క్షమించు అనాల్సిన చోట నోరు రాక ఊరుకుంది.

వాడు తిన్న అన్నం వాడికి అరక్కూడదు. అంతమంది ముందు వాడి గొంతు కూడా అలాగే వణకాలి. ఆమెకి కావలసింది అంతకన్నా ఏమీ లేదు, అంతకన్నా తక్కువా లేదు.

*

మళ్లీ ఒక సాయంత్రం రెబ్కా పనినుంచి వచ్చి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. జాస్మిన్ ఫోన్‌తో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, సార్ ఇవాళ యార్డుకి వెళ్లాడా?"

"లేదే. పొద్దున్నించీ ఆఫీసులోనే ఉన్నాడు. బామ్మర్ది నిచ్చెనేసుకుని వచ్చాడు, తీగేదో లాగారు."

జాస్మిన్ ఫోన్ తిప్పి చూపించింది. బయట ఉంది, సైరన్ ఆపాను. మధ్యాహ్నం వచ్చింది. దానికింద ఏమీ లేదు.

మజ్జిగ గిన్నెలో రెబ్కా వేళ్లు కదల్లేదు. "మళ్లీ మూగబోయిందా?"

"మళ్లీ మూగబోయింది. మిగతా మూడు గదుల నిండా కాయుంది." జాస్మిన్ గోడకి ఆనుకుంది. "చెప్పాలి కదమ్మా."

"ఎవరికి?"

"సార్‌కే."

"చెబితే ఏమంటాడు? నీకెట్లా తెలిసిందే అంటాడు. ఇంట్లో కూర్చుని నువ్వే ఆపావంటాడు. నీ ఫోన్‌లో ఉందిగా రుజువు, పోలీసులకి పట్టిస్తాడు."

"చెప్పకపోతే?"

చెప్పకపోతే కాయ ఉడుకుతుంది. అప్పుడూ జాస్మిన్ పేరే చెబుతాడు, పోతూ పోతూ ఏదో పెట్టిపోయింది అంటాడు. రెబ్కాకి రెండు దార్లూ చివరిదాకా కనిపించాయి. రెండింటి చివరా పోలీసు జీపే ఉంది. కానీ ఆ రెండిటి మధ్యలో ఇంకోటి కూడా కనిపించింది. ఇస్త్రీ చొక్కా నలిగి, మెట్ల మీద ఒంటరిగా, చుట్టూ రైతులు. ఆ బొమ్మ చూస్తుంటే ఆమె అరచేతుల మంట చల్లారినట్టనిపించింది.

"చెప్పొద్దు," అంది. "ఉడకనీ."

"అందులో వాడి కాయ ఒక్కటీ లేదమ్మా. అంతా రైతులది."

"ఆ రైతులే కదా నువ్వు తప్పయిందంటుంటే చూస్తూ నిలబడింది."

జాస్మిన్ బిందె తీసుకుని కుళాయికి వెళ్లింది. ఆమె అటు తిరగ్గానే రెబ్కా ఫోన్ తీసి ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టి తాళం వేసింది. పిల్ల మనసు తనకి తెలుసు. ఎక్కడో ఒకచోట మెత్తబడి వాడికి ఫోన్ చేస్తుంది. వాడు గుట్టుగా డబ్బా మార్చుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు.

"నా ఫోనేది?" అంది జాస్మిన్ బిందె దించి.

"పొద్దున ఇస్తాలే."

జాస్మిన్ ట్రంకుపెట్టె వైపు చూసింది, అమ్మ మెడలో తాళంచెవి వైపు చూసింది. "ప్రసన్నన్న వాళ్లింటికెళ్లొస్తా," అని చెప్పులు వేసుకుంది. రెబ్కా గుమ్మంలోకి వచ్చి, ఆ ఇంటి లైటు కింద పిల్ల కూర్చోవడం చూశాక గానీ లోపలికి పోలేదు.

అన్నం కలుపుకుంది గానీ ముద్ద ఎత్తలేదు. కాయ ఉడకనీ అనడం తేలికే. అలీ సాహెబ్ మూడో గదిలో మిగిలిన టిక్కీలు కూడా ఉడుకుతాయి. అప్పుడు ఆయన ఏం చేస్తాడు? ఏ ఇంట్లోనైనా మంచం కింద ఓ డబ్బా ఉంటుంది. రెబ్కా చెయ్యి కడిగేసుకుంది.

వాడికి చెప్పకూడదు. కానీ చెప్పాల్సినవాళ్లు ఇంకొకళ్లు ఉన్నారు.

*

తెల్లారేసరికి అలీ సాహెబ్ కల్లంలో ఉన్నాడు. బూజు పట్టిన కాయని పట్టా మీద పోసి, పనికొచ్చేది ఏమైనా ఉందేమోనని ఏరుతున్నారు ఆయనా, ఆయన భార్య అమీర్‌బీ. మంచి కాయ గుట్ట చిన్నది. తాలు కాయ గుట్ట పెద్దది.

రెబ్కాని చూసి ఆయన తల దించుకుని ఏరుకుంటూనే ఉన్నాడు. "ఏంటమ్మాయ్, ఇట్లా వచ్చావు?"

"ఇవాళ రైతులంతా ఏసీకి వస్తున్నారంట కదా బాబాయ్, సరుకు చూసుకోడానికి."

"వస్తున్నాం."

"సైరన్ మోగించి చూపించమని అడగండి."

ఆయన చెయ్యి ఆగింది. "మోగుతోందంటగా ఇప్పుడు. మీ పిల్ల పోయింతర్వాత."

"మోగదు."

"నీకెట్లా తెలుసు?"

"అదంతా నాకు చెప్పడం రాదు. మోగదని తెలుసు, అంతే. కౌశిక్ బాబు డబ్బా పెట్టిన రోజున మోగదు, తీసిన రోజున మోగుద్ది. మా పిల్ల అద్దంకిలో ఉండగా కూడా ఆ డబ్బానే పెట్టారు."

అమీర్‌బీ చేట పక్కన పెట్టింది. "మోగితే?" అంది.

"మోగితే మా పిల్ల తప్పు చేసినట్టే. అందరి ముందూ నా మొహాన ఉమ్మెయ్యండి."

అలీ సాహెబ్ చేతులు దులుపుకుని భుజం మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మిరపకాయ ఘాటుకి కళ్లు నీళ్లు కారుతూనే ఉన్నాయి. "ఉమ్మడాలెందుకులే," అన్నాడు. "అడుగుతాం. అడగడానికేం పోయింది."

*

రెబ్కా షెడ్డులో తన చోట కూర్చుని బుట్ట లాక్కుంది. ఫోన్ ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. రాత్రికి రాత్రి మళ్లీ డబ్బా మార్చి ఉంటే? తీగ మళ్లీ తెగి ఉంటే? ఫోన్‌లో మెసేజ్ వచ్చి ఉంటుంది, చూసేవాళ్లు లేరు. తనే తాళం వేసింది. ఇప్పుడు మోగిందంటే పిల్ల మెడకి ఉరి తనే బిగించినట్టు.

మెట్ల దగ్గర అలీ సాహెబ్ గొంతు వినిపించింది. "సరుకు సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఆ సైరన్ ఒకసారి మోగించండి."

"మోగుతోంది సాయిబుగారూ. మొన్న విన్నారుగా," అన్నాడు ప్రద్యుమ్న.

"మొన్న విన్నాం. ఇవాళ కూడా వింటే రాత్రికి నిద్ర పడుతుంది."

"సాయంత్రం చూద్దాం. ఇప్పుడు గదులు తీస్తే చల్లదనం పోతుంది."

"గది తీయక్కర్లేదు సార్," అన్నాడు మిషను రూము గౌస్ బాషా, మనిషి మంచివాడే, ఎప్పుడు నోరు తెరవాలో మాత్రం తెలియదు. "సెన్సార్ ఒక్కటి బయటికి లాగితే చాలు."

ప్రద్యుమ్న అతని వైపు చూసిన చూపు రెబ్కా చూసింది. రైతులందరూ మెట్లు ఎక్కి ఆఫీసు కిటికీల దగ్గర చేరారు. షెడ్డుకి ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉండటంతో లోపల జరిగేది రెబ్కాకి కనపడుతోంది. ఇక తప్పక ప్రద్యుమ్న తల ఊపాడు. గౌస్ బాషా పొడుగాటి తీగ చివర వేలెడంత ఉన్న, వేడి చూసే సెన్సార్ తెచ్చాడు. బల్ల మీద అప్పుడే వచ్చిన టీ గ్లాసు కనపడితే అందులో ముంచాడు.

"లాప్‌టాప్ ఇటు తిప్పండి, అందరికీ కనపడాలి," అన్నాడు ఒక రైతు.

తిప్పారు. అంకె పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ ఎర్రగా మారింది. షెడ్డులో ఆడవాళ్లు కూడా పని ఆపేశారు. రెబ్కా బుట్ట అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఎవరో దగ్గారు. గేటు అవతల లారీ ఒకటి గేరు మార్చుకుని పోయింది. ఇంకేమీ వినిపించలేదు.

కళ్లు తెరిచింది. ఎర్రంకె అలాగే ఉంది, సైరన్ లేదు. రైతులంతా లాప్‌టాప్‌నే చూస్తున్నారు. ప్రద్యుమ్న ఒక్కడే దాన్ని చూడట్లేదు. గోడకున్న తెల్ల డబ్బాని చూస్తున్నాడు.

"మోగలేదే," అన్నాడు అలీ సాహెబ్.

"వైరు లూజుగా ఉందేమో. ఎవరు చెప్పారసలు మీకు ఇది అడగమని?" ప్రద్యుమ్న గొంతు హెచ్చింది. "ఎవరో చెప్పే ఉంటారు. ఆ పిల్లేనా?"

"పిల్ల కాదు," అంది రెబ్కా. "నేను."

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియలేదు. మూతిగుడ్డ కిందికి లాక్కుంటూ ఎండలోకి వచ్చేసింది. "గౌస్ అన్నా, ఆ తెల్ల డబ్బా పీకి పాతది పెట్టు. టీ లోంచి తియ్యొద్దు."

"ఏయ్, నువ్వెవరు చెప్పడానికి? బాషా, ముట్టుకోకు."

"ముట్టుకో బాషా," అన్నాడు అలీ సాహెబ్ మెల్లగా. "లోపలున్న కాయ మాది."

గౌస్ బాషా ఇద్దర్నీ చూసి, రైతుల్ని చూసి, కుర్చీ ఎక్కాడు. తెల్ల డబ్బా తీగ పీకాడు. బీరువా పైనుంచి దుమ్ము పట్టిన నల్ల డబ్బా దింపి తగిలించాడు. దాని దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అంతా నిలబడి ఎదురుచూశారు. ఉన్నట్టుండి సైరన్ అందుకుంది. కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. కిటికీ దగ్గరున్న ముసలి రైతు చెవులు మూసుకుని కూడా తల ఊపుతూనే ఉన్నాడు.

గౌస్ బాషా సెన్సార్ గ్లాసులోంచి తీశాడు. సైరన్ ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో రెబ్కా మొదటి మెట్టు దగ్గరికి వచ్చింది.

"బాబుగారూ, మా పిల్ల నిలబడ్డది ఇక్కడే," అంది. "మీరూ ఇక్కడికి వచ్చి చెప్పండి."

"ఏం చెప్పాలి? టెక్నికల్ ప్రాబ్లం ఇది. ఎక్కడైనా వస్తుంది."

"మా పిల్లకి అలా చెప్పుకునే వీలివ్వలేదు మీరు."

రైతులు దారి ఇచ్చారు. ఇచ్చి, మళ్లీ ఆయన వెనక మూసేశారు. ప్రద్యుమ్న ఒక మెట్టు దిగాడు. నుదుటి బొట్టు చెమటకి కారి కనుబొమ్మలోకి వచ్చింది. పెదాలు కదిలించాడు.

"వినపడలేదు," అంది రెబ్కా. "గేటు దగ్గరున్నోళ్లకి అస్సలు వినపడలేదు."

"పొరపాటు జరిగింది."

"ఎవరిది?"

అతను అలీ సాహెబ్ వైపు చూశాడు, ఈమెని ఆపమన్నట్టు. అలీ సాహెబ్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"నాదే," అన్నాడు ప్రద్యుమ్న. గొంతు మధ్యలో ఎక్కడో చిరిగింది. "డబ్బా మార్చింది నేను. ఆ అమ్మాయి తప్పు లేదు."

రెబ్కా చెవులారా వింది. ఇన్నాళ్లూ కోరుకున్నది సరిగ్గా ఇదే, ఈ చిరిగిన గొంతే. వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్లి తన బుట్ట తీసింది. సర్దార్‌బీ జరిగి చోటిచ్చింది. రెబ్కా కూర్చోలేదు. బుట్టలో కాయ గుట్టలోకి ఒంపేసి, బుట్ట బోర్లించి, ఇంటిదారి పట్టింది.

*

జాస్మిన్ వాకిట్లో ఉతికిన బట్టలు ఆరేస్తోంది. అమ్మ ఆ వేళప్పుడు రావడం చూసి చేతిలో దుప్పటి అలాగే పట్టుకుంది. రెబ్కా గుమ్మంలో కూలబడి నీళ్లు అడిగి తాగి, అంతా చెప్పింది. టీ గ్లాసు, తెల్ల డబ్బా, పావురాలు. వాడు చెప్పిన మాట వాడి గొంతుతోనే చెప్పి చూపించింది.

జాస్మిన్ నవ్వుతుందనుకుంది. ఆ పిల్ల దుప్పటి తీగ మీద వేసి, అంచులు సమంగా లాగి, వచ్చి పక్కన కూర్చుంది.

"డబ్బా మార్చింది నేను అన్నాడా?"

"అన్నాడు."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

"ఇంకేమనాలి?"

"నిన్న ప్రసన్నన్న ఫోన్ నించి నేను సార్‌కి ఫోన్ చేశానమ్మా."

రెబ్కా గ్లాసు కింద పెట్టింది.

"కోప్పడకు. ఉండబట్టలేకపోయా. అలీ తాత కాయ ఇంకా ఉంది కదా మూడో గదిలో. సార్, ఆ తెల్ల డబ్బా ఉంటే సైరన్ మోగదు, దాని పేరు మార్చండి, పాత పేరే పెట్టండి, రెండు నిమిషాల పని అని చెప్పా. అంతా విన్నాడు. విని, మా కౌశిక్ కన్నా నీకెక్కువ తెలుసా అన్నాడు. ఇంకోసారి ఫోన్ చేస్తే కేసు పెడతానన్నాడు."

రెబ్కా కళ్లముందు, అందరూ లాప్‌టాప్ చూస్తుంటే ఒక్కడే గోడ వైపు చూసిన ముఖం కదిలింది. సాయంత్రం చూద్దాం అన్న మాట వినిపించింది. వాడికి తెలుసు. రాత్రంతా తెలుసు. తెలిసీ మూడు గదుల కాయ మీద నిద్రపోయాడు, ఊరవతలి పేటపిల్ల చెప్పింది వినడం నామోషీ అయి. పొద్దున అంతమంది ముందు చెప్పినప్పుడు కూడా ఆ ముక్క మింగేశాడు.

"ప్రసన్న విన్నాడా వాడన్న మాట?"

"స్పీకర్‌లోనే పెట్టా. వాళ్లమ్మ కూడా వింది."

రెబ్కా కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగుకి అంటిన కారం కళ్లలో పడి భగ్గుమంది, అయినా రుద్దుకోలేదు. లేచి నిలబడి మెడలోని తాళంచెవి తీసి జాస్మిన్ ఒళ్లో వేసింది.

"పెట్టె తీసి ఫోన్ తెచ్చుకో. ప్రసన్నని కూడా చొక్కా వేసుకుని రమ్మను."

"ఎక్కడికమ్మా?"

"ఏసీకి. జనం ఇంకా పోయుండరు."